వాన కాలు

కెమెరా పట్టుకుని లోకం తిరిగినదాన్ని కాబట్టి, నా ఉద్యోగమంతా కళ్లతోనే గడిచిందని అందరూ అనుకుంటారు. నిజానికి నాకు పేరు తెచ్చినవి కాళ్లు. ఒకచోట చెడ్డపేరు, ఇంకోచోట మంచిపేరు. కాళ్లు మాత్రం అవే. ఇప్పుడు ఆ కాళ్లకే నూనె రాసుకుంటూ అనంతపురంలో కూర్చున్నాను. "మేడమ్, మేమూ దేశాలు తిరిగి ఫోటోలు తీయాలి, ఏమైనా చెప్పండి" అంటూ పిల్లలు వస్తుంటారు. లెన్సుల గురించి మొదలుపెడతాను. లెన్సుల సంగతి నాకంటే వాళ్ల ఫోన్లకే బాగా తెలుసని అర్థమయ్యాక, ఈ కథలోకి దిగుతాను.

మాది గుంతకల్లు. నాయన రైల్వే గార్డు. ఆయన పాసుల పుణ్యమా అని చిన్నప్పుడే చాలా ఊళ్లు రైలు కిటికీలోంచి చూశాను. ఆ కిటికీ కోసం తమ్ముళ్లను గిల్లిన గిల్లుళ్ల మచ్చలు వాళ్ల చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయట. నాయన ఎవరి దగ్గరో పాత కెమెరా కొని నా చేతిలో పెడితే, కాలనీలో ఒకాయన "ఆడపిల్లకు కెమెరా ఏంటికప్పా?" అన్నాడు. "దానికి చూసే పిచ్చి ఉండాది. చూడనీలేప్పా, దుడ్లేమన్నా పోతాయా?" అన్నాడు నాయన. దుడ్లు బాగానే పోయాయి పాపం, ఫిలిం రీళ్లకు.

పెళ్లయి కొత్తచెరువు దగ్గర పల్లెలో అత్తగారింటికి పోయాను. నేను అడుగుపెట్టిన ఎండాకాలమే వాళ్ల తోటలో బోరు ఎండిపోయింది. ఆ చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి గానీ, అందరిళ్లలో కొత్త కోడళ్లు లేరు కదా! మా అత్త చెడ్డమనిషి కాదు. బోరు దగ్గర కూలబడి, "ఏం కాలు పెట్టిందో మా తల్లి, గంగ ఇంకిపాయె" అని ఒక్కసారి అనింది. మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్కసారి అన్నదే నా అరికాలిలో తుమ్మముల్లులా ఉండిపోయింది. మా ఆయన స్కూలు మాస్టరు. "అంత లోతున ఉన్న నీళ్లకు నీ కాలు తగిలిందంటే, ఎంత పొడుగు కాలే నీది!" అని నవ్వించబోయాడు. నవ్వాను గానీ ముల్లు రాలేదు.

తర్వాత బెంగుళూరులో ఒక విహారయాత్రల పత్రికలో చేరాను. దాంట్లో వ్యాసాలు రాసేది ఒక మలయాళీ మిత్రుడు, ఫోటోలు తీసేది నేను. మనిషి సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు. వానలో పుట్టి, వానలో పెరిగి, వానంటే విసుగెత్తి పారిపోయి వచ్చినవాడు. మొట్టమొదటి విదేశీ ప్రయాణానికి మా ఇద్దరినీ గ్రీసు దేశంలో ఒక ద్వీపానికి పంపారు. బయలుదేరేముందు ఎడిటరు నన్ను పిలిచి, "తొందరపడొద్దు. వాతావరణం బాగున్నప్పుడే తీయి" అన్నాడు.

అక్కడికి పోతే రోజూ ఫెళ్లుమని ఎండ. నీలం ఆకాశం, తెల్లగోడలు, కళ్లు చెదిరే వెలుతురు. మా వైపు "ఈ పొద్దు దినం బాగుండాది" అంటే మబ్బు పట్టిందని అర్థం. ఎండ రోజును బాగుందని అనే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అందుకని వాతావరణం బాగుపడేదాకా గదిలో కూర్చున్నాను. మలయాళీ మిత్రుడు నాకు జ్వరమనుకుని పళ్లు తెచ్చిపెట్టాడు. ఇక తిరిగిరావాల్సిన గడువు దగ్గరపడ్డాక, దేవుడు కరుణించి నల్లటి మబ్బు పంపాడు. పరుగెత్తుకుంటూ బయటికి పోయి, రీళ్లకు రీళ్లు తీశాను. బూడిదరంగు సముద్రం, తడిసిన మెట్లు, గొడుగుల కింద ముసలమ్మలు. నా జన్మలో అంత అందం చూడలేదనుకున్నాను.

ఎడిటరు ఆ ఫోటోలు బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. "ఇది గ్రీసా, కేరళా?" అన్నాడు చివరికి.

"కేరళే అయితే నేను మా ఇంట్లోనే పడుకునేవాణ్ని కదండీ!" అన్నాడు మలయాళీ మిత్రుడు.

ఇలాంటి తప్పు అనంతపురం మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. ఉద్యోగం పోలేదు గానీ పేరు పడింది. పేరు పడ్డాక వాన కూడా ఆ పేరు నిలబెట్టాలనుకుందో ఏమో, నేను ఎక్కడికి పోతే అక్కడికి తయారయ్యేది. మొరాకోలో ఎడారి అంచుకు పోతే ఒంటెలు జారిపడేంత వాన. రాజస్థాన్ కోట ముందు కెమెరా నిలబెడితే వడగళ్లు. మాకు దారి చూపించే మొరాకో ఆయన వానలో చేతులు చాచి నాట్యం చేస్తుంటే నాకు మనసంతా నిండిపోయింది. పక్కనే మలయాళీ మిత్రుడు తడిసిన బూట్లు పిండుకుంటూ నన్ను తిట్టాడు. మా అత్త అన్న మాట నేనే ఎప్పుడో అతనికి చెప్పాను. దాన్ని పట్టుకుని ఆఫీసంతా టాంటాం చేశాడు. అప్పటినుంచి నా పేరు 'వాన కాలు'. సముద్రతీరాలకు వేరేవాళ్లను పంపేవారు. నాకు జలపాతాలు, పొగమంచు కొండలు మిగిలేవి. నేను గది తలుపు తీస్తే చాలు, "గొడుగులు తీయండి, వాన కాలొచ్చింది!" అనేవారు. నవ్వేదాన్ని. నవ్వకపోతే ఎట్లా, కలిసి తినాలి, కలిసి తిరగాలి.

అట్లా ఏళ్లు గడిచాయి. ఒకసారి ఎడిటరు నీళ్లు లేని నేలల మీద ప్రత్యేక సంచిక తలపెట్టాడు. నమీబియా, చిలీ దేశపు ఎడారి, మూడోది మా అనంతపురం. "కవరుపేజీ మీ జిల్లాదే. నెర్రెలు విచ్చిన నేల, ఆకాశంలోకి చూసే ముఖం. నీ సొంత ఊరు కదా, అక్కడైనా వాన తేవుగా?" అన్నాడు.

"మా ఊళ్లో వాన తెప్పించే శక్తే ఉంటే నేను ఫోటోలు తీసుకుంటూ తిరుగుతానా సార్? గుడి కట్టించుకుని కూర్చునేదాన్ని" అన్నాను.

సోమందేపల్లె దగ్గర హైవే దిగి లోపలికి పోతే ఒక పల్లె ఉంది. అక్కడ ఒకామె అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. నాకంటే పదేళ్లు చిన్నదేమో. ఎండకు నల్లబడిన ముఖం, నవ్వితే పళ్లు మాత్రం తళతళమన్నాయి. చేన్లోకి తీసుకుపోయి నిలబెట్టాను.

"ఏమక్కా, మొగం ఎట్ల పెట్టమంటావు? ఏడ్సల్లా?" అని అడిగింది.

"ఏడ్చొద్దులేమ్మా. మామూలుగా పైకి చూడు."

"మేం మామూలుగా చూసేది పైకే కదక్కా!"

నేను కెమెరా కంటికి ఆనించుకుని, ఆమె ముఖం మీద వెలుతురు ఎందుకు తగ్గిందా అని చూశాను. లెన్సు సరిచేశాను. మళ్లీ తగ్గింది. మలయాళీ మిత్రుడు నెత్తి పట్టుకుని, "వద్దు, ఇక్కడ కూడానా!" అని మూలిగాడు. పెనుకొండ వైపు నుంచి మబ్బు నల్లగా దొర్లుకుంటూ వచ్చింది. మేము అరుగు చేరేలోపల పడింది చూడండి వాన! పదును వాన. నాగలి దిగేంత లోతుకు నేల తడిసే వానను మా వైపు అట్లా అంటారు. ఆ ఏడు అదే మొదటిదట.

ఊరంతా వీధిలోకి వచ్చేసింది. ఆమె తడుస్తూనే నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, నీ కాలు ఎంత మంచిదక్కా! నువ్వు పెడితివి, వాన పడె!" అనింది.

మలయాళీ మిత్రుడికి తెలుగు అంతంతమాత్రం. 'కాలు', 'వాన' అన్న రెండు మాటలే అర్థమై పకపకా నవ్వాడు. అంతలో నా వైపు చూసి నవ్వు ఆపేశాడు. నేను ఏడుస్తున్నాను. కోడలిగా ఇంటి గడప దాటినప్పుడు వినాల్సిన మాట, తల నెరిశాక ఎవరి వాకిట్లోనో విన్నాను. ముల్లు అప్పుడు వచ్చింది బయటికి.

ఎడిటరు మాత్రం బల్ల గుద్దాడు. కవరు మీద నమీబియా వేశాడు. తడిసి నవ్వుతున్న ఆమె ఫోటో లోపల ఎక్కడో చిన్నగా పడింది. పత్రిక పంపితే, ఆమె ఆ పేజీ చింపి గోడకు అంటించుకుంది.

నా ఫోన్ నంబరు ఆమె దగ్గర ఉండిపోయింది. ప్రతి ఏడూ మృగశిర కార్తె రాగానే ఫోన్ వచ్చేది. "అక్కా, యాడుండావు? ఏ దేశంలో పడిపిస్తాండావు? మా తావకు గూడా రారాదా?" నవ్వుకుని పెట్టేసేదాన్ని. నేను పోకపోయినా ఒకోసారి వాన పడేది, ఒకోసారి లేదు. పడినప్పుడు ఫోన్ చేసి, "నువ్వు ఈ పక్క తలుచుకున్యావేమో" అనేది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడు ఆ ఫోన్ వేరేగా వచ్చింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు కూడా పోయింది, వాన లేదు. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

"అక్కా, మా ఆయప్ప బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు కాడ కాపలా పని మాట్లాడుకొని వచ్చినాడు. నన్ను గూడా ఆడ ఇండ్లల్లో పనికి రమ్మంటాండాడు. విత్తనం కాయలు అమ్ముకొని, చేను బీడుపెట్టి పోదామంటాండాడు. 'ఉత్తర చూసి ఎత్తర గంప అన్యారు పెద్దలు, ఉత్తర కార్తె దాకా ఏంటికి, ఇప్పుడే ఎత్తుదాం గంప' అంటాడు. ఒకతూరి చేను ఇడిస్తే మల్ల వస్తామా అక్కా? పోయినోళ్లు ఎవరొచ్చినారు? ఒకసారి వచ్చి పో అక్కా. నీకు దండం పెడతా."

అప్పటికి మా కాపురం అనంతపురానికి మారింది, ఆ ఇంట్లో పెట్టె సర్దుకుంటున్నాను. నార్వేకు ప్రయాణం. అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుణ్ని తీయాలి. ఎన్నేళ్లుగానో అడిగితే, చివరి ప్రయాణం కదా పాపమని ఎడిటరు ఒప్పుకున్నాడు. నాకూ ఒకసారి ఎండ ఫోటోలు తీసి ఆఫీసు నోరు మూయించాలని పంతం ఉండింది. బయలుదేరడానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చనుకున్నాను. కాలికీ వానకూ సంబంధం లేదని ఆమెను కూర్చోబెట్టి చెప్పాలి, ఫోన్లో వాతావరణం తెరిచి చూపించాలి. దారిపొడవునా ఆ ఉపన్యాసం మనసులో వల్లె వేసుకున్నాను.

ఊళ్లో అద్దె కారు దిగేసరికి ఆమె చేను గట్టు మీద ఆడా మగా గుమిగూడి ఉన్నారు. ఎద్దులకు విత్తనం గొర్రు కట్టి సిద్ధంగా ఉంది. నేల మాత్రం పిండిలా పొడిగా ఉంది. పొడి నేలలో విత్తనం వేస్తే, వారం పది రోజుల్లో మంచి వాన పడితే మొలుస్తుంది. ఊరికే నాలుగు చినుకులు పడితే మొలకెత్తి చచ్చిపోతుంది. అసలు పడకపోతే చీమలకూ కాకులకూ అన్నదానం. నేను గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టినదాన్నే గానీ, ఆ మాత్రం నాకూ తెలుసు.

"పిచ్చిదానివా ఏమి నువ్వు? నన్ను చూసి విత్తనం వేస్తావా?" అని ఆమెను పక్కకు లాక్కుపోయి కసిరాను.

ఆమె నా మీదికి వంగి గుసగుసగా, "నాకు తెలీదా అక్కా, కాలుకు వానకు ఏం సంబంధం? నువ్వు లేని ఏడు పడలేదా? నా మాట ఆయప్ప చెవిన పెట్టడు. నీ కాలు మాటైతే వింటాడని నిన్ను పిలిపిస్తి. ఆయప్పకు రవ్వంత ధైర్యం కావల్ల. అంతే" అనింది.

నేను వల్లె వేసుకొచ్చిన ఉపన్యాసం ఆమే చెప్పేసింది. ఇంతలో ఆమె భర్త నా ముందుకొచ్చి నిలబడ్డాడు. తలకు తువ్వాలు, గడ్డం మాసి ఉంది. మాట తక్కువ మనిషి. అంతకుముందు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మా, మా ఆడది కాలు అంటాది, చెయ్యి అంటాది. అదంతా నాకొద్దు. నువ్వు దేశాలన్నీ తిరిగినదానివి. నీ నోటి మాట చెప్పు. విత్తమంటావా, అమ్ముకోమంటావా?"

ఆమె నన్నే చూస్తోంది. పిల్లలూ, మీరు ఎప్పుడైనా ఒక మనిషి ముఖంలోకి కెమెరా అడ్డం లేకుండా చూడాల్సి వస్తుంది. నాకు ఆ రోజు వచ్చింది. విత్తమని చెప్పి వాన రాకపోతే ఆ విత్తనం నేను తిన్నట్టే. వద్దంటే ఆ ఇంటికి నేనే తాళం వేసినట్టు.

"నాకు తెలీదప్పా. దేశాలు తిరిగితే వాన సంగతి తెలుస్తాదా? ఫోన్లో కూడా వస్తే రావచ్చు, రాకపోతే లేదు అని ఉండాది. అది నీకూ తెలుసు. నేను చెప్పగలిగేది ఒకటే. నువ్వు విత్తితే నేను ఈన్నే ఉంటా. నీ చేన్లో మొలక కనపడేదాకా యాడికీ పోను."

నోరు జారిందో, మనసే మాట్లాడిందో ఇప్పటికీ తెలీదు. నార్వే గుర్తుకు రావడానికి కొంచెంసేపు పట్టింది. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"పరాయి మనిషివి, నువ్వుంటావు. నా చేను ఇడిసి నేను పోదునా? సరే పట్టమ్మీ గొర్రు" అన్నాడు భార్యతో.

సాయంత్రానికి విత్తనమంతా దుమ్ములోకి పోయింది.

ఎడిటరుకు ఫోన్ చేసి రానని చెప్పాను. "నీ చివరి ప్రయాణం అది. తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. మా ఆయనకు చెబితే, "కాలు అక్కడే పెట్టేశావా? సరే, మోకాళ్ల మాత్రలు పంపిస్తాను" అన్నాడు. అందుకే ఆ మనిషితో కాపురం చేశాను.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు రాగిసంగటి తిన్నాను, వేరుసెనగ చట్నీ తిన్నాను, ఊరి చూపులు కూడా తిన్నాను. పొద్దున్నే అందరూ ముందు ఆకాశం వైపు, తర్వాత నా కాళ్ల వైపు చూసేవాళ్లు. మబ్బులు రావడం, తమాషా చూపించి హిందూపురం వైపు పోవడం. ఒక ముసలాయన నన్ను చూసినప్పుడల్లా, "ఏమ్మా, ఏ కాలు ముందర పెట్టి వచ్చినావు? ఇంకోటి పెట్టి చూడరాదా?" అనేవాడు. చేన్లో కాకులు వాలితే ఆమె కేకలు వేస్తూ పరుగెత్తేది. భర్త చేను వైపే పోయేవాడు కాదు.

శుక్రవారం పొద్దున వీధిలో ఆడవాళ్లంతా వచ్చి నన్ను పీట మీద కూర్చోబెట్టారు. నా కాళ్లకు పసుపు రాశారు. ట్యాంకు దగ్గర వరసలో నిలబడి పట్టుకొచ్చిన బిందె ఎత్తి నా పాదాల మీద పోశారు. "తాగే నీళ్లు, పొయ్యొద్దండమ్మా!" అని ఏడ్చినట్టు అరిచాను. ఒకామె చర్చికి పోయే మనిషి, పసుపు పట్టలేదు గానీ బిందె మాత్రం తనే పట్టింది. "పోయనీలే అక్కా, నీ కాళ్ల మీదికి పోసినామంటే పైనోడు మాకు పోయడా" అనింది. ఆ నీళ్లు వాకిట్లో చిన్న మడుగు కట్టి, చూస్తుండగానే ఇంకిపోయాయి. సిగ్గుతో, ప్రేమతో తల దించుకుని నా పసుపు కాళ్ల వైపే చూసుకున్నాను. కెమెరా సంచిలోనే ఉంది. తీయాలని తోచలేదు.

అదే రోజు మలయాళీ మిత్రుడు నార్వే నుంచి ఫోన్ చేశాడు. వెనక హోరుమని చప్పుడు. "వింటున్నావా? వాన! దిగినప్పటినుంచి ఒకటే వాన! సూర్యుడు ఎక్కడున్నాడో తెలీదు. నువ్వు కూడా లేవు ఇక్కడ!" అని గోలపెట్టాడు. గోలంతా అయ్యాక, "ఇన్నేళ్లూ నిన్ను ఏడిపించాం. నీ కాలు కాదు, నాదేనేమో" అన్నాడు. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు మాత్రం, ఆ వాన ఇక్కడ పడకూడదా అనిపించింది.

ఫోన్ ఎవరిదని ఆమె అడిగితే నార్వే సంగతంతా చెప్పాను, అది ఆమె భర్త విన్నాడు. మరునాడు పొద్దున నేను అరుగు మీద కూర్చుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మా కోసరం నీ పని చెడగొట్టుకుంటివి. ఇంక చాలు, పో తల్లీ."

"మొలక చూసేదాకా ఉంటానంటి కదప్పా."

"అంటివి. నువ్వు మాట మీద ఉండేదానివే. నా సంగతే నాకు తెలీదు. ఇంగ నాలుగు దినాలు ఇట్లే ఎండితే, నాకు నీ మీద కోపమొస్తాది. నీది తప్పు లేదని తెలిసీ వస్తాది. నీ మీద కోపం రాకముందే పో."

అంత మర్యాదగా నన్ను ఇంకెవరూ ఎప్పుడూ పొమ్మనలేదు. దేశదేశాల హోటళ్లలో వంగి వంగి దండాలు పెట్టినవాళ్లను చూశాను గానీ, తన కోపం నాకు తగలకుండా కాపాడిన మనిషిని అక్కడే చూశాను. సంచి సర్దుకున్నాను. వాకిట్లో ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"పోతానమ్మా" అన్నాను.

"పోతా అనగాకక్కా. పోయొస్తా అను."

"పోయొస్తా" అన్నాను. ఏ ముఖం పెట్టుకుని వస్తానో నాకే తెలీదు.

సోమందేపల్లెలో అనంతపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. పెనుకొండ కొండ మీద రాళ్లు మెరుస్తున్నాయి. బస్సు పెనుకొండ దాటి కొంతదూరం పోయాక ఫోన్ మోగింది, ఆమెదే. ఎత్తితే మాట లేదు. హోరు. రేకుల మీద, రాళ్ల మీద, బిందెల మీద పడుతున్న హోరు. ఆమె ఫోన్‌ను వాకిట్లోకి చాచి పట్టుకున్నట్టుంది. ఆ హోరులోంచి ఎవరో పిల్లలు అరుస్తున్నారు.

"వాన!" అని బస్సులో గట్టిగా అరిచాను.

ముందు సీట్లో ఆయన ఉలిక్కిపడి లేచాడు. "యాడమ్మా? ఏ ఊర్లో?" ఊరి పేరు చెప్పాను. అంతే, బస్సులో ఉన్నవాళ్లందరూ ఫోన్లు తీశారు. "ఏమ్మే, మన తావ పడతాందా?" "నాయనా, మబ్బన్నా ఉండాదా?" "లేదా? సరేలే." ఒకామె "మాకు గూడా పడతాందంట!" అని పక్కామె భుజం చరిచింది. లేదన్న జవాబు విన్నవాళ్లు ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి తనూ ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. నేను అనంతపురం బస్టాండులో దిగేదాకా ఎండే. నా మీద ఒక్క చినుకు పడలేదు.

అది పదును వానే. చేను మొలిచింది. పంట గొప్పగా రాలేదు, మా వైపు ఎప్పుడొచ్చింది గనక? తిండికీ మళ్లీ విత్తనానికీ వచ్చింది. బెంగుళూరు కాపలా పని ఇంకెవరికో పోయింది, వాళ్లు గంప ఎత్తలేదు. ఊళ్లో మాత్రం రెండు పార్టీలు తయారయ్యాయట. ఆయమ్మ వచ్చినందుకే వాన వచ్చిందని ఆడవాళ్లు, పోయినందుకే వచ్చిందని మగవాళ్లు. రచ్చబండ దగ్గర కొట్టుకునేదాకా పోయిందని ఆమె నవ్వుతూ చెప్పింది.

నేను ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు నన్ను ఏ దేశానికీ ఎవరూ పంపరు. మరుసటి ఏడు మృగశిర రాగానే ఫోన్ మోగింది. ఆమే అనుకున్నాను. ఆమె భర్త. మొదటిసారి తానుగా చేశాడు. యోగక్షేమాలు అడగడం రాదు ఆ మనిషికి.

"అమ్మా, దుక్కి చేసినాం. ఒకసారి వచ్చి పో."

నాకు చిలిపి పుట్టింది. "ఏమప్పా, నన్ను పిలిచేది వచ్చేదానికా, పోయేదానికా?"

వెనక ఆమె నవ్వు వినపడింది.

"పోయేదానికేనమ్మా. అయితే రాకుండా ఎట్ల పోతావు? రా."